మనిషి చుట్టూ ఎర్రగడి

అయిదు కంప్యూటర్లూ ఒకే అట్టపెట్టెలో, ఒకే ట్రైసికిల్ మీద శనివారం పొద్దున్న దిగాయి. ఒక్కొక్కటీ అన్నం పట్టుకెళ్ళే డబ్బా అంత ఉంది. తెరెసింగ్ తన వంతు డబ్బాని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది కూడా.

“ఇందాయ్, మిగతాది వెనకాల ఇంకో బండిలో వస్తోందా?” అని ఎడితాని అడిగింది. ఆ రేవులో చెల్లెలి వరస వాళ్ళని ఇందాయ్ అనీ, అక్క వరస వాళ్ళని మనాంగ్ అనీ పిలుస్తారు.

“మిగతాదేం లేదు మనాంగ్. కంప్యూటరంతా అందులోనే ఉంది. మీ ఇంట్లో టీవీకి తగిలించుకుంటే చాలు.”

“దీనికా నా తడికెలమ్మేసుకున్నాను! చేపల డబ్బా ఇంతకన్నా బరువు తూగుతుందే.”

చంకలో బిడ్డనేసుకుని నిలబడ్డ జెమ్మా పగలబడి నవ్వింది. “బరువే కావాలంటే అందులో నాలుగు ఎండుచేపలు కూరి ఇస్తాంలే మనాంగ్.”

అందరూ నవ్వారు గానీ, తడికెల మాట వినగానే ఎడితాకి లోపలెక్కడో చురుక్కుమంది. ఆ రేవులో చేపలు ఎండబెట్టుకునే వెదురు తడికెలున్న మనిషి వేరు, లేని మనిషి వేరు. తడికె ఉంటే చేప నీది. లేకపోతే ఎవరి తడికె మీదో వాళ్ళ చేప పరిచి, వాళ్ళు చేతిలో పెట్టింది పట్టుకుని ఇంటికి రావాలి. తెరెసింగ్‌కి యాభై నాలుగేళ్ళు. మొగుడు పోయాక ఒక్కొక్కటే కట్టుకున్న ఏడు తడికెలనీ పక్కింటి పిలార్‌కి అమ్మేసి ఈ డబ్బా కొంది. ఉప్పునీళ్ళకి ఆమె వేళ్ళ సందులు పగిలి, మానేలోపల మళ్ళీ పగులుతుంటే చూడలేక, కూర్చుని చేసే పని నేను నేర్పుతాను రమ్మని ఏడాదిపాటు వెంటపడింది ఎడితాయే.

ఆ కూర్చుని చేసే పని గడులు గీయడం. ఎక్కడెక్కడివో వీధుల ఫొటోలు తెరమీదకి వస్తాయి. కారు చుట్టూ నీలం గడి, చెట్టు చుట్టూ ఆకుపచ్చ గడి, మనిషి చుట్టూ ఎర్రగడి గీయాలి. తమంతట తామే నడిచే కార్లు వస్తున్నాయిట, వాటికి చూపు నేర్పాలిట. చేపల లారీ, ట్రైసికిలూ తప్ప ఇంకో బండి మొహం చూడని రేవులో కూర్చుని అయిదుగురు ఆడవాళ్ళు ఆ చూపు నేర్పుతున్నారు. ఇన్నాళ్ళూ బజార్లో కంప్యూటర్ కొట్టుకి వెళ్ళి, గంటకింతని అద్దె కట్టి చేసేవారు. ఈ నెల నుంచి మనిషికొక సొంత యంత్రం ఉండాలనీ, ఒకే యంత్రం మీద ఇద్దరు చేస్తే తీసేస్తామనీ కంపెనీ కబురు పెట్టింది. విడివిడిగా తెప్పించుకుంటే రవాణా ఖర్చు దండగని అందరికీ కలిపి ఎడితాయే తెప్పించింది. ఉన్నవాటిలోకెల్లా చవకవి ఏరింది.

శనివారమంతా ఎడితాకి తన డబ్బాతోనే సరిపోయింది. మీట నొక్కగానే లోపల బుల్లి ఫ్యాను గుయ్యిమంది. తెరమీద అన్నీ చైనా అక్షరాలు. భాష మార్చింది, తారీకు మార్చింది, కంపెనీ ప్రోగ్రాం దింపింది. అది ముప్పావు వంతు దిగాక నెట్ పోయింది. మళ్ళీ మొదటికి. రెండోసారి పూర్తయ్యేవేళకి కరెంటు పోయింది. మూడోసారి దిగింది గానీ, భద్రత కోసం కంపెనీ అడిగిన తాళాలన్నీ పెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

“అన్నం కూడా ఆ డబ్బాయే వండుతుందా ఏంటి?” అన్నాడు మొగుడు నెస్టర్, వంటింట్లోకి తొంగిచూసి.

ఈ తిప్పలన్నీ తెరెసింగ్‌ని పడనివ్వడం ఎడితాకి మనసొప్పలేదు. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు ఎడితా ఆ కంప్యూటర్ కొట్లోనే పనిచేసింది. కొట్టులో పన్నెండు యంత్రాలుంటే పన్నెండింటినీ విడివిడిగా ఎవరూ సిద్ధం చేయరు. ఒకదాన్ని తీరుబడిగా సిద్ధం చేసి, దాని లోపలున్నదంతా ఉన్నదున్నట్టు మిగతా పదకొండింటిలోకి దింపేస్తారు. ఒక కుండలో వండి పన్నెండు పళ్ళాల్లో వడ్డించడం లాంటిదే. ఆ ద్వీపాల్లో ఏ కొట్టుకి వెళ్ళినా ఇదే పద్ధతి.

ఆదివారం చర్చి నుంచి నలుగురూ తిన్నగా ఎడితా ఇంటికే వచ్చారు. ఎవరి డబ్బా వాళ్ళు తువ్వాల్లో చుట్టి, పసిపిల్లల్లా గుండెకి ఆనించుకుని తెచ్చారు. తెరెసింగ్ కొబ్బరాకుల్లో చుట్టి ఉడికించిన తీపి అన్నం కూడా తెచ్చింది. ఎడితా అరువు తెచ్చిన డిస్కు తగిలించి, తన డబ్బాలోదంతా అందులోకి ఎక్కించి, అక్కణ్ణుంచి ఒక్కొక్కదానిలోకి దింపింది. తెరమీద పచ్చగీత నత్తనడకన సాగుతుంటే అందరూ దానికేసే చూస్తూ కూర్చున్నారు. మొదట తెరెసింగ్‌ది, తరవాత జెమ్మాది, ఆ తరవాత పైవీధి అక్కచెల్లెళ్ళు ఆర్లిన్, మేలిన్‌లవి.

“నాదీ నీదీ ఇప్పుడు ఒకటేనా?” అంది తెరెసింగ్, తన తెర వెలగగానే.

“అచ్చం ఒకటే. నీ పేరూ, నీ రహస్యపదం కొట్టావంటే నీది నీదే.”

“అయితే నీ చేతివాటం కూడా వచ్చేసిందేమో చూడు. గంటకి నలభై బొమ్మలు చేస్తావు నువ్వు.”

సోమవారం, మంగళవారం పని సాఫీగా సాగింది. మంగళవారం మధ్యాహ్నం ఎడితా ఓసారి తెరెసింగ్ ఇంటికి వెళ్ళి వెనకాల నిలబడి చూసింది. తెరెసింగ్ మొహం టీవీకి జానెడు దూరంలో పెట్టుకుని ఒక బస్సు ఫొటో చూస్తోంది. చేతులకి పట్టీలు లేవు. వేళ్ళ సందుల్లో కొత్త చర్మం లేత గులాబీ రంగులో వస్తోంది.

“ఇందులో మనుషులు ఆరుగురే మనాంగ్. గీసేశావుగా, పంపించెయ్యి.”

“ఏడుగురు,” అంది తెరెసింగ్. ఫొటో పెద్దది చేసింది. బస్సు వెనక చక్రం పక్కన, గోడ నీడలో, సంచీ పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపించింది. మోచేతి దాకానే ఉంది. మిగతా మనిషంతా బస్సు చాటున ఉంది.

“చెయ్యి ఒక్కటే కనపడ్డా మనిషేనని నువ్వేగా నేర్పావు,” అంటూ ఆ చేతి చుట్టూ ఎర్రగడి గీసింది తెరెసింగ్. ఎక్కడా వెంట్రుకవాసి వదులు లేకుండా గీసింది. ముప్ఫై ఏళ్ళపాటు గంపెడు చేపల్లోంచి పనికిరాని చిట్టిచేపల్ని ఏరిన కళ్ళు అవి. అయిదుగురిలో తప్పులు లేకుండా చేసేది తెరెసింగేనని కంపెనీ మెచ్చుకున్న కాగితం, మేరీమాత బొమ్మ కింద గోడకి అంటించి ఉంది.

బుధవారం ఏడున్నరకి ఎడితా కాఫీ కప్పుతో కూర్చునేసరికి తెరమీద ఫొటో రాలేదు. తెల్లటి తెర నడుమ నాలుగు వాక్యాలొచ్చాయి. ఒకే వ్యక్తి ఒకే యంత్రం మీద అయిదు పేర్లతో పనిచేస్తున్నట్టు తేలిందనీ, అది మోసమనీ, అయిదు ఖాతాలూ ఆపేశామనీ, ఈ నెల పని రద్దయిందనీ ఉంది. ఎడితా మూడుసార్లు చదివింది. కాఫీ ముట్టుకోలేదు.

తల ఎత్తేసరికి జెమ్మా గుమ్మంలో ఉంది. ఆమె వెనకే అక్కచెల్లెళ్ళు. అందరికంటే ఆఖర్న తెరెసింగ్ వచ్చింది, తన డబ్బాని మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని.

“నావల్ల ఏదో పాడైనట్టుంది ఇందాయ్. తుడిచేటప్పుడు తడిగుడ్డ తగిలింది,” అంది భయంభయంగా.

“నీవల్ల కాదు మనాంగ్.”

మనీలాలో వీళ్ళ పని చూసుకునే అమ్మాయి పేరు షార్లీన్. మధ్యాహ్నం దాకా ప్రయత్నిస్తే ఫోనెత్తింది. మర్యాదస్తురాలు, ఎడితాని మనీలా వాళ్ళ పద్ధతిలో ఆతే, అంటే అక్కా, అని పిలుస్తుంది.

“ఆతే ఎడితా, మీ అయిదు యంత్రాలకీ గుర్తు ఒకటే చూపిస్తోంది. ప్రోగ్రాం మొదటిసారి తెరిచినప్పుడు ఆ యంత్రానికి ఒక గుర్తు వేస్తుంది. రెండు యంత్రాలకి ఒకే గుర్తు రావడమనేది ఉండదు.”

ఆ మాటతో ఎడితాకి అంతా తెలిసిపోయింది. శనివారం కంపెనీ ప్రోగ్రాం దింపింది, తెరిచింది, తాళాలన్నీ పెట్టింది. ఆ తరవాతే ఆదివారం అందరికీ వడ్డించింది. గుర్తుతో సహా వడ్డించింది. ఆ ఒక్క ప్రోగ్రామూ దింపకుండా మిగతాదంతా పంచి, దాన్ని మాత్రం ఎవరికి వాళ్ళనే దింపుకోనిచ్చి ఉంటే ఇదేమీ జరిగేది కాదు. కంప్యూటర్ కొట్లో గుర్తులతో ఎవరికీ పని ఉండేది కాదు కాబట్టి ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు.

“నేనే నకలు తీశానమ్మా. ఇక్కడ అందరం అలాగే చేస్తాం. వీళ్ళకి చేతకాదని నేనే చేసిపెట్టాను. మనుషులం మాత్రం అయిదుగురం. కావాలంటే ఫోన్లో మొహాలు చూపిస్తాను.”

“నేను నమ్ముతున్నానాతే. నమ్మి ఏం చెయ్యను? నిర్ణయం పైవాళ్ళది. మీరు రాసి పంపండి, నేను పైకి పంపిస్తాను.”

గురువారం అయిదుగురూ ఫొటో దిగారు. రాసి పంపితే చాలదు, చూపిస్తే నమ్ముతారని ఆర్లిన్ అంది. ఆదివారం చర్చికి వేసుకునే బట్టలు వేసుకున్నారు. జెమ్మా పెదవులకి రంగు పూసి, బిడ్డని అత్తగారికి అప్పజెప్పింది. తెరెసింగ్ తలకి కొబ్బరినూనె రాసుకుని, మొగుడి అంత్యక్రియలకి కుట్టించుకున్న నల్లగౌను వేసుకొచ్చింది. అంతకంటే మంచిది ఆమె దగ్గర లేదు. పిలార్‌వి అయిపోయిన ఏడు తడికెల ముందు వరసగా నిలబడ్డారు. ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో గుర్తింపు కార్డు. నెస్టర్ ఫోను పట్టుకుని వెనక్కీ ముందుకీ జరిగాడు.

“నవ్వండర్రా. దొంగలు పట్టుబడ్డట్టున్నారు.”

“నవ్వితే మోసం చేసి నవ్వుతున్నామంటారు,” అంది జెమ్మా.

ఫొటో బాగా వచ్చింది. తెరెసింగ్ కార్డు తలకిందులుగా పట్టుకుంటే, మళ్ళీ తీశారు. ఎడితా జరిగిందంతా దాచకుండా రాసి, తప్పంతా తనదేనని రాసి, ఫొటోతో కలిపి పంపింది. ఆ సాయంత్రమంతా తన మీద తనకే మంటగా ఉంది ఆమెకి. ఎవరికి వాళ్ళని రెండ్రోజులు తిప్పలు పడనిచ్చినా ఈపాటికి గడులు గీసుకుంటూ ఉండేవారు.

శుక్రవారం పొద్దున్న జవాబొచ్చింది. ఆమె ఒక్కతే చదివింది. యంత్రం గుర్తు మొట్టమొదట నమోదైంది ఎడితా పేరు మీద కాబట్టి, ఆ ఒక్క ఖాతా తిరిగి ఇవ్వడానికి వీలుందని ఉంది. అందుకు శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఒక ఒప్పుకోలు మీద టిక్కు పెట్టాలి. మిగతా నాలుగు పేర్లతో పనిచేసింది నేనే, ఆ పేర్ల మీద వేరే మనుషులెవరూ పనిచేయలేదు, ఇకముందు ఇలా చేయను అన్నది ఆ ఒప్పుకోలు. టిక్కు పెట్టకపోతే అయిదూ శాశ్వతంగా మూతపడతాయి. ఫొటో సంగతి ఎక్కడా లేదు.

మళ్ళీ షార్లీన్‌కి చేసింది.

“ఆ ఫొటో ఎవరైనా చూశారా అమ్మా?”

“చూశారాతే. అయిదుగురు ఆడవాళ్ళున్నారని కనపడుతోంది. అయిదుగురూ పనిచేశారని కనపడటం లేదుగా.” షార్లీన్ గొంతు తగ్గించింది. “నా మాట విని టిక్కు పెట్టెయ్యండి. మీదొక్కటైనా దక్కుతుంది. నేనైతే అదే చేస్తాను.”

దాచడం ఎడితాకి చేతకాదు. జెమ్మాకి చెప్పింది. జెమ్మా మొహం పాలిపోయి, అంతలోనే ఎర్రబడింది.

“ఓహో. ఆఖరికి నీదొక్కటి మిగిలింది. అందరివీ నీ ఇంటికే పట్టుకు రమ్మన్నావు, అన్నిట్లోనూ నీదే ఎక్కించావు. ఇప్పుడు మేం లేనే లేమంటావు!”

“నేను పెడతానన్నానా?”

“పెట్టకుండా ఉంటావా మనాంగ్? నీ స్థానంలో నేనుంటే ఈపాటికి పెట్టేసేదాన్ని. అదే నా ఏడుపు.” జెమ్మా ఏడుస్తూనే బిడ్డని రెండో చంకకి మార్చుకుని వెళ్ళిపోయింది.

పెట్టకూడదని ఎడితా అప్పుడే తేల్చుకుంది. పోతే అయిదూ పోనీ. తన వేళ్ళతో తానే తెరెసింగ్ లేదని రాయడం ఆమె వల్ల కాదు. నెస్టర్‌తో చెప్పింది. “నీ ఇష్టం. సరంగుని అడిగి నేను మళ్ళీ పెద్దపడవ ఎక్కుతాను,” అన్నాడు. పోయినేడాది ఆ పడవ మీదే అతని భుజం తొలగింది. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

శనివారం పదకొండు దాటింది. ఎడితా టీవీ ముందు ఊరికే కూర్చుంది. తెరమీద ఒప్పుకోలు, దాని కింద ఖాళీగా చిన్న చదరం. గుమ్మం దగ్గర ఉప్పువాసన వేసింది. తెరెసింగ్ రబ్బరు బూట్లు బయట విడిచి లోపలికొచ్చింది. గౌను నడుం దాకా తడిసి ఉంది.

“ఎక్కణ్ణుంచి మనాంగ్?”

“పిలార్ పిలిచింది. గురువారం సాయంత్రం నుంచీ వెళ్తున్నా. చేపలు బాగా పడ్డాయి, మనుషులు చాల్లేదు.”

“నీ తడికెల మీదేనా?”

“దాని తడికెల మీద.” తెరెసింగ్ కుర్చీ పక్కన నేల మీద కూర్చోబోయి, తడి అంటుతుందని మానుకుంది. “మూడోదానికి వెదురు వదులైంది. బిగించమని చెప్పాను. నీకెందుకే అంది.”

ఎడితా ఆమె చేతులకేసి చూసింది. మూడు రోజుల్లోనే వేళ్ళ సందులన్నీ మళ్ళీ విచ్చుకున్నాయి. మంగళవారం నాటి లేత చర్మం ఎక్కడా లేదు. ఎడితాకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోలేదు.

“నాశనం చేశాను మనాంగ్ నిన్ను. బతిమాలి మరీ తడికెలమ్మించాను.”

“అమ్మింది నేను. ఏడుపు తరవాత ఏడుద్దువుగానిలే. జెమ్మా చెప్పింది నాకు. పన్నెండింటిదాకానే అటగా గడువు? ఎందుకు నొక్కవు?”

“ఏం రాసుందో తెలుసా అందులో? నువ్వు లేవని రాసుంది. నువ్వు చేసిన పనంతా నేనే చేశానని.”

“చదవడం నాకూ వచ్చు.” తెరెసింగ్ ముందుకి వంగి, మొహం తెరకి జానెడు దూరంలో పెట్టి, పెదవులు కదుపుతూ మొదటినుంచి చివరిదాకా చదివింది. తన పేరు దగ్గర ఆగింది. “ఇదిగో, పూర్తిపేరు వేశాడు. తెరెసింగ్ అంటే చాలదనుకున్నాడేమో.”

“నేను నొక్కను మనాంగ్.”

“నొక్కకపోతే నా తడికెలు తిరిగొస్తాయా?” తెరెసింగ్ గొంతులో కోపం లేదు. అలిసిపోయి ఉంది. “నువ్వు నీతి కాపాడుకుని కూర్చో. నెస్టర్ పడవెక్కి రెండో భుజం కూడా పోగొట్టుకుంటాడు. నేను చచ్చేదాకా పిలార్ చేపలు పరుస్తాను. జెమ్మా పిల్లకి పాలడబ్బా నువ్వు కొంటావా? లే, జరుగు.”

“ఎందుకు?”

“పొద్దున్న పూట నేను కూర్చుంటా. మధ్యాహ్నం జెమ్మా. సాయంత్రం ఆ అక్కచెల్లెళ్ళు. నీ పేరు మీదే. మధ్యలో నువ్వు వండుకో.”

ఒక యంత్రం, ఒక పేరు, అయిదుగురు మనుషులు. వాళ్ళని ఏ మోసం చేశారని వెలివేశారో అది వాళ్ళు చేయనే లేదు. ఇప్పుడు బతకాలంటే దాదాపు అదే చేయాలి.

“అది నిజంగా మోసమే కదా మనాంగ్.”

“అవును మరి. నిజం చెప్పి ఫొటో దిగాంగా మొన్న.”

తెరెసింగ్ ఉతికి ఆరేసిన నల్లగౌనుని వాళ్ళ దండెం మీద నిన్న చూసిన సంగతి ఎడితాకి గుర్తొచ్చింది. గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు చూపిస్తోంది. ఎడితా చెయ్యి మౌసు మీదకి వెళ్ళింది గానీ వేలు కదల్లేదు. తెరెసింగ్ కాసేపు చూసింది. తరవాత తన తడిచెయ్యి గౌనుకి తుడుచుకుని, ఎడితా చేతిని పక్కకి జరిపి, మౌసు తాను పట్టుకుంది. బాణాన్ని ఖాళీ చదరం దాకా జాగ్రత్తగా నడిపించింది. ఆ పేర్ల మీద వేరే మనుషులెవరూ పనిచేయలేదు అన్న వాక్యం పక్కన, పగిలిన చూపుడువేలితో నొక్కింది.

టిక్కు పడింది. తెర ఒక్క క్షణం తెల్లబడి, ఎడితా పేరుతో స్వాగతం పలికి, పని ముందుంచింది.

ఏదో వాన కురిసిన వీధి. గొడుగులు, ట్రామ్ బండి, పళ్ళ దుకాణం. ఎడితా లేచింది. తెరెసింగ్ కుర్చీ మీద గోనెపట్టా వేసుకుని కూర్చుంది. కార్లకి నీలం గడులు గీసింది, చెట్లకి ఆకుపచ్చవి గీసింది. గొడుగుల కింద మనుషుల్ని ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంటూ ఎర్రగడులు గీసింది. మౌసు మీద ఉప్పునీటి చెమ్మతోపాటు సన్నటి నెత్తురు గీత అంటుకుంది. ఎడితా గుడ్డ కోసం వెళ్ళి వచ్చేసరికి, ఆమె ఫొటో పెద్దది చేసి ఒక మూలకి చూస్తోంది. పళ్ళ దుకాణం వెనక, తలుపు సందులో, బుట్ట మోస్తున్న ముసలామె భుజం కొంచెం కనిపిస్తోంది.

“చూశావా, ఇది తప్పించుకోబోయింది,” అంటూ దాని చుట్టూ గడి గీసి పంపించింది.

తెరమీద చిన్న నక్షత్రం మెరిసింది. ఒక్క తప్పూ లేదనీ, చాలా బాగా చేశావు ఎడితా అనీ దాని కింద వచ్చింది. తెరెసింగ్ అది చదివి, తరవాతి ఫొటో తెరిచింది. ఎడితా తడిగుడ్డతో ఆమె చెయ్యి తుడుద్దామని వంగింది గానీ, ఆ చెయ్యి అప్పటికే గడి గీస్తోంది.